ఏం వచ్చిందట?

ఆ నవంబరులో వ్రొత్స్వాఫ్‌లో
నాలుగు కొట్టకముందే చీకటి.
ట్రాము మలుపు దగ్గర మాంసం దుకాణం ముందు
ఒక ముసలమ్మ ఆగింది,
ఊడిన బూటు తాడు కట్టుకోవడానికి, అంతే.
ఆమె వెనక ఒకడు ఆగాడు.
వాడి వెనక ఇద్దరు.
"ఏం వచ్చిందట?"
"సాసేజీలేమో."
"కాదు, నారింజలట."
"టాయిలెట్ కాగితమట, మనిషికి నాలుగు చుట్టలట."
అట, అట, అట.
చివర ఆ ఒక్క అక్షరం చాలు
చలిగాలిలో వాసనలా పాకడానికి.
పావుగంటలో యాభైమంది.
ముసలమ్మ ముడి బిగించుకుని
ట్రామెక్కి వెళ్ళిపోయింది.
వరుస నిలబడే ఉంది.

ముప్పై ఏడోది మా యద్విగా టీచరు,
వల సంచీలో మా జవాబు పత్రాలు.
ముప్పై ఎనిమిది నేను.
ఆమె నాలా మెడ సాచి ముందుకు చూడలేదు.
వెనక్కి తిరిగి
చేరుతున్న వాళ్ళను లెక్కపెడుతోంది.

మర్నాడు నల్లబల్ల మీద
మనుషుల ఊసెత్తలేదు.
త్సెజారీ గాజు పళ్ళెంలోని అమీబాల గురించి చెప్పింది.
తిండి ఉన్నన్నాళ్ళూ
ఒకదాని మొహం ఒకటి చూడవట.
తిండి అయిపోగానే
ఒకటి సన్నగా ఏదో విడుస్తుంది.
పిలుపనుకోండి, ఏడుపనుకోండి.
అది ఎక్కువున్న వైపు పక్కది జరుగుతుంది,
జరుగుతూ తానూ అదే విడుస్తుంది.
ఆకలి రుచి ఎరుగదంటారు,
దిక్కు మాత్రం ఎరుగును.

సమీకరణంలో కొట్లాడుకునేవి రెండే:
తడి కాగితం మీద సిరాలా చెదిరిపోవడం,
చెదరనివ్వకుండా చేరడం.
ఇద్దరికీ మధ్య ఒక గడప:
ఎనిమిది పైలు.
మొత్తం రాశి అంతకు తక్కువైతే
ఎంత దగ్గరైనా చివరికి ఎవరి దారి వాళ్ళది.
రవ్వంత ఎక్కువైతే,
పరిమిత కాలంలో...
సుద్దముక్క ఆపింది.
"పరిమిత కాలం అంటే, మనం బతికుండగానే."
అంతా ఒక్క చుక్కలోకి.
సాంద్రత అనంతం.
"అక్కడ చచ్చేది సమీకరణం. అమీబా కాదు.
నా లెక్క ఆగిన చోట దాని పని మొదలవుతుంది."

వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు:
మరి మనం గడపకు ఇవతలా, అవతలా?
ఎవరూ నవ్వలేదు.
కింద వీధిలో ఒక లారీ
ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

డిసెంబరులో ఒక ఆదివారం
గోడల మీద కాగితాలు వెలిశాయి: గుమికూడరాదు.
టెలిఫోన్లు మూగపోయాయి. కాలేజీకి తాళం.
దుకాణాల ముందు వరుసలను మాత్రం
ఏ కాగితమూ ఆపలేకపోయింది.
మంచులో, సైనికుల నిప్పుల కుంపటికి పది అడుగుల దూరంలో
అదే ప్రశ్న, పెదవులు కదలకుండా.
ఏం వచ్చిందట?
జవాబుగా ఇప్పుడు పేర్లు వచ్చేవి.
ఎవరిని పట్టుకెళ్ళారట. ఏ జైలట.
ముందు నుంచి వెనక్కి, భుజం నుంచి భుజానికి,
త్సెజారీ పేరు నా దాకా వచ్చింది.
నేను ఎవరికి చెప్పాలో తెలియక
నా ముందున్న కోటు వీపునే చూస్తూ నిలబడ్డాను.
అది యద్విగా కోటు.
ఆ పేరు ఆమె మీదుగానే నన్ను చేరిందని
అప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరిలో ప్రయోగశాల తెరిచారు.
అతని పళ్ళెం అలమారులో అలాగే ఉంది.
ఎవరూ తిండి పెట్టలేదు.
భూతద్దం కింద చిన్న అడవి:
వెంట్రుక కంటే సన్నటి కాడలు,
ఒక్కో కాడ తల మీద ఒక్కో విత్తుల బొట్టు.
"ఐదింటిలో ఒకటి కాడవుతుంది," అంది.
"నిలువునా ఎండి, చచ్చి,
మిగతా నాలుగింటినీ గాలికి ఎత్తి పట్టుకుంటుంది."
చాలాసేపటికి మళ్ళీ అంది,
"ఎవరు కాడవ్వాలో చెప్పే పదం
నా సమీకరణంలో లేదు."

ఇప్పుడు నా తెర మీద
పదిలక్షల చుక్కలు రెండు నిమిషాల్లో గుమికూడతాయి.
విద్యార్థులు గడప అంకె అడుగుతారు, చెబుతాను.
కలయిక ఎక్కడ మొదలవుతుందని అడుగుతారు.
ఎక్కడైనా, అంటాను. రవ్వంత కదలిక చాలు.
వాళ్ళు దాన్ని యాదృచ్ఛికమని రాసుకుంటారు.
నాకు మాత్రం
మంచులో వంగిన ఒక వీపు కనిపిస్తుంది,
చేతి తొడుగు పళ్ళతో లాగి
తాడు ముడేసుకుంటూ,
వెనక ఎవరు నిలబడ్డారో చూడకుండా.